కొరియన్ భాషకు వరస కుదిర్చిన వైనం

బండమీదపల్లె దగ్గర కొరియా వాళ్ళ కార్ల ఫ్యాక్టరీ మొదలైన రోజున, ప్రారంభోత్సవ వేదిక మీద ఒక కొరియన్ పాప ఏడ్చింది. ఫ్యాక్టరీ డైరెక్టరుగారి కూతురు. సీమ ఎండ, మెడలో తనకన్నా పొడుగైన బంతిపూల దండ, చెవి పక్కనే బ్యాండు మేళం. ఏడవక ఏం చేస్తుంది పాపం. తండ్రి వైపు చేతులు చాపి "అప్పా, అప్పా" అంది.

కొరియన్‌లో తండ్రిని అలాగే పిలుస్తారు. కానీ మైకు ముందు నిలబడ్డ పరిశ్రమల మంత్రిగారి చెవిన ఆ మాట పడింది. ఆయన చేతిలోని ఉపన్యాసాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. మంత్రులు రాసిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటే కింది అధికారులకు జ్వరాలు వస్తాయి.

"ఇంటిరా? ఆ పాప నాయన్ని ఏమని పిలిచ్చాండాదో ఇంటిరా? మన సీమలో ఏమంటాం? అప్పా అనే కదా అంటాం" అన్నారు మంత్రిగారు. "తెలుగు వేరు గాదు, కొరియన్ వేరు గాదు. రెండూ ఒక తల్లి బిడ్డలు."

మంత్రిగారి పక్కన నిలబడి తర్జుమా చేస్తున్నది సుభాషిణి. బస్సు డ్రైవరు తిమ్మప్ప కూతురు. యూనివర్సిటీలో భాషాశాస్త్రం ఎం.ఏ. చేసి, అక్కడే కొరియన్ నేర్చుకుని, ఈ ఫ్యాక్టరీలో దుబాసీగా చేరింది. మంత్రిగారి మాటలో నిజమెంతో ఆమెకు తెలుసు కాబట్టి, "మీ పాప చాలా ముద్దుగా ఉందంటున్నారు" అని కొరియన్‌లోకి మార్చింది. డైరెక్టరుగారు నడుము వంచి నమస్కరించారు. దాన్ని కొరియా ప్రభుత్వపు అంగీకారంగా మరునాడు పత్రికలు రాశాయి.

చప్పట్లు పడ్డ మాటను వెనక్కి తీసుకోవడం ఏ ప్రభుత్వానికీ చేతకాదు. నెల తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. తెలుగు కొరియన్ భాషల చుట్టరికాన్ని నిరూపించడానికి 'భాషా బంధుత్వ నిర్ధారణ ప్రాధికార సంస్థ' ఒకటి ఏర్పాటైంది. అంత పేరు నోరు తిరగక ఊళ్ళోవాళ్ళు దాన్ని చుట్టరికాల ఆఫీసు అన్నారు. పాత పశువుల ఆస్పత్రి భవనంలో దానికి చోటిచ్చారు. జిల్లా మొత్తానికి కొరియన్ వచ్చిన తెలుగు మనిషి సుభాషిణి ఒక్కతే కాబట్టి ఆమెను ఫ్యాక్టరీ నుంచి అరువు తెచ్చుకుని సాంకేతిక సలహాదారుగా కూర్చోబెట్టారు.

ఛైర్మన్ కలుగోడు వీరభద్రయ్యగారు. ఆర్డీవోగా రిటైరైన మనిషి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ దాయాదుల తగాదాలు, వారసత్వాలు, భూముల పంపకాలు తప్ప మరొకటి ఎరగరు. భాషలకు కూడా కుటుంబాలు ఉంటాయని ఎవరో చెప్పగానే, అయితే ఇది రెవిన్యూ వ్యవహారమేనని ఆయన ధైర్యం తెచ్చుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సుభాషిణికి ఈ గొడవలో తన సొంత చిక్కు ఒకటుంది. ఫ్యాక్టరీలో తయారైన కార్లకు తప్పులు పట్టే ఇంజనీరు మిన్‌వూ అని ఒకడున్నాడు. తెలుగును ఫిట్టర్ల దగ్గరా క్యాంటీన్ వంటవాళ్ళ దగ్గరా నేర్చుకున్నాడు కాబట్టి వాడి నోట అచ్చమైన సీమ యాస పలుకుతుంది. వాడూ సుభాషిణీ పెళ్ళి చేసుకోవాలనుకున్నారు. ఈమె అమ్మ లింగమ్మ మొదట రెండురోజులు అలిగింది. తర్వాత వాడు ఎర్రకారం పూసిన రాగిసంకటి ముద్ద కంట నీళ్ళు రాకుండా తినడం చూసి, "తింటాడు మే. ఏం ఫరవాలేదు" అని ఒప్పుకుంది. కొరియాలో వాడి తల్లిదండ్రులూ సరేనన్నారు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి నోటీసు కూడా ఇచ్చేశారు. చుట్టరికాల ఆఫీసు పని ఏదో నాలుగు కాగితాలతో తేలిపోతుందని సుభాషిణి అనుకుంది.

మొదటి సమావేశంలోనే అది తేలేది కాదని తెలిసిపోయింది.

"అమ్మా సుభాషిణీ, మీ నివేదికను ఆమూలాగ్రం పరిశీలించడమైనది. శ్రమ పడినారు" అన్నారు వీరభద్రయ్యగారు. "అయితే ఇందులో తల్లి పేరు లేదు."

"కొరియన్‌కు తల్లి ఎవరో ఇంకా తేలలేదు సార్."

"తండ్రి?"

"భాషలకు తండ్రులుండరు సార్."

"అయితే అనాథ కేసు." ఆయన ఎర్రసిరాతో రాసుకున్నారు.

"పూర్తిగా అనాథ కాదు. జెజు అనే దీవిలో ఒక చెల్లెలుంది. అది తప్ప నికరంగా తేలిన రక్తసంబంధం లేదు. మంగోలు, తుర్కీ భాషలతో కలిపి అంతా ఒకే పెద్ద ఉమ్మడి కుటుంబమని ఒకప్పుడు అన్నారు. తర్వాత చాలామంది పండితులు ఆ కుటుంబం ఎప్పుడూ లేదన్నారు."

"పంపకాలు జరిగినాయన్న మాట."

"పంపకాలు కాదు సార్. అసలు ఆ కాపురమే లేదంటున్నారు."

"పంపకాలైనాంక అందరూ అట్లే అంటారమ్మా. నా సర్వీసంతా చూసినా." ఆయన పేజీ తిప్పారు. "ఇరుగుపొరుగు?"

"జపనీసు. వాక్యం కట్టే తీరు దాదాపు ఒకటే. పాత మాటలు మాత్రం సరిగా కలవవు. చుట్టాలా కాదా అని నూరేళ్ళ పైనుంచి వాదులాడుకుంటున్నారు."

"గోడ ఒకటే, మాటల్లేవు, నూరేండ్ల తగాదా. అన్నదమ్ములే, సందేహం లేదు. చైనా?"

"చైనా భాష నుంచి సగానికి పైగా మాటలు తెచ్చుకుంది. కానీ అది అరువే. చుట్టరికం కాదు."

"ఇంట్లో సగం సామాను వాళ్ళదే అయినప్పుడు చుట్టరికం లేకుండా ఎట్లుంటాది? ఇల్లరికం కోణంలో విచారించవలసి ఉన్నది." ఆయన అది కూడా రాసుకున్నారు. "ఇంక మన సంగతికి రండి. తెలుగుతో?"

సుభాషిణి ఊపిరి పీల్చుకుని చెప్పింది. రెండు భాషల్లోనూ క్రియ వాక్యం చివరనే వస్తుంది. విభక్తులు మాట వెనకనే అతుక్కుంటాయి. మనం ఒక్కడే కొడుకైనా 'మా అమ్మ' అంటాం, వాళ్ళూ అలాగే అంటారు. నూరేళ్ళ కిందట ఒక పాదిరి ఇవన్నీ చూసి ద్రవిడ భాషలకూ కొరియన్‌కూ చుట్టరికం ఉందన్నాడు. ఎవరూ నిరూపించలేకపోయారు. అలవాట్లు కలిసినంత మాత్రాన చుట్టాలు కారు. అమ్మ, అప్ప అనేవి ప్రపంచంలో పసిపిల్లలందరికీ ముందుగా నోట్లో తిరిగే శబ్దాలు.

"కాబట్టి చుట్టరికం ఉందని చెప్పలేం సార్" అని ముగించింది.

"లేదని చెప్పగలరా?"

"లేదనీ నిరూపించలేం."

వీరభద్రయ్యగారి ముఖం వికసించింది. "అభ్యంతరం లేదు. బహు సంతోషం. అభ్యంతరాలు రానందున బంధుత్వం ఖాయపరచడమైనది. ఇంక మిగిలింది వరస."

"వరసా?"

"వరస లేకుండా చుట్టరికం ఏందమ్మా? రేపు ఎదురుపడితే ఏమని పిలచాల? మంత్రివర్యులు స్వయముగా ఒక తల్లి బిడ్డలు అని సెలవిచ్చినారు. ఇద్దరూ తోబుట్టువులు. రాయండి."

ఆ ఉత్తర్వు గెజెట్‌లో అచ్చయింది. ఊరు ఊరంతా ఉత్సాహం కట్టలు తెంచుకుంది. మహిళా సంఘం వాళ్ళు డప్పులతో వెళ్ళి ఫ్యాక్టరీ క్వార్టర్సులోని కొరియన్ ఆడవాళ్ళందరికీ ఒడిబియ్యం పోసి వచ్చారు. ఆడపడుచులు కదా. బియ్యం, పసుపు, ఎండుకొబ్బరి చిప్పలు ఒళ్ళో పట్టుకుని వాళ్ళు ఎటూ కదలలేక కుర్చీల్లో కూర్చుండిపోయారు. ఇది ఏ రోగానికి మందని ఒకావిడ సుభాషిణిని రహస్యంగా అడిగింది.

అంతటితో ఆగితే బాగుండేది. కొరియాలో డైరెక్టరుగారి పెదనాన్న కాలం చేశారు. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే పోయారు. డైరెక్టరుగారు ఒక్కపూట సెలవు పెట్టి మళ్ళీ పనిలో పడ్డారు. చుట్టరికాల ఆఫీసు మాత్రం అంత తేలిగ్గా తీసుకోలేదు. తోబుట్టువుల సంతానమంటే దాయాదులు. దాయాదులు పోతే మైల. గేటుకు తాళం పడింది. 'మైల కారణముగా బంధుత్వ నిర్ధారణ కార్యక్రమములు తాత్కాలికముగా నిలుపుదల చేయడమైనది' అని బోర్డు వేలాడింది. సిబ్బంది అందరూ జీతంతో కూడిన మైల సెలవు మీద ఊళ్ళకు వెళ్ళిపోయారు. పక్కనున్న తహసీల్దారు ఆఫీసు వాళ్ళు, తామూ తెలుగువాళ్ళమే కదా, తమకు మాత్రం మైల ఎందుకు అంటదని అర్జీ పెట్టుకున్నారు. సుభాషిణి కూడా నవ్వింది. నవ్వే ముందు ఆ తర్కం ఎటు పోతోందో చూసుకోవలసింది.

నోటీసు గడువు ముగిసి, పెళ్ళికి తేదీ అడగడానికి ఇద్దరూ వెళ్ళారు. సబ్‌రిజిస్ట్రారు పరంధామయ్య వాళ్ళను కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, గెజెట్ ప్రతిని బల్ల మీద పరిచాడు.

"వ్యక్తిగతముగా నాకు ఏ అభ్యంతరమూ లేదమ్మా" అన్నాడు. ఆ ముక్కతో మొదలుపెట్టే అధికారి దగ్గర పని కాదని సుభాషిణికి అప్పుడే తెలిసింది. "కానీ చట్టంలో నిషిద్ధ బంధుత్వాలని ఉంటాయి. ఉత్తర్వు ప్రకారం తెలుగు, కొరియన్ ఒక తల్లి బిడ్డలు. మీరు తెలుగు. ఈ అబ్బాయి కొరియన్. మీ ఇద్దరిదీ అన్నాచెల్లెళ్ళ వరస."

"సార్, అది భాషల సంగతి."

"ఆ సంగతి ఉత్తర్వులో లేదు. మైల మనుషులకు అంటినప్పుడు వరస అంటకుండా ఎట్ల పోతాది? అన్నాచెల్లెళ్ళకు పెండ్లి చేసినానని రేపు నన్ను సస్పెండ్ చేస్తే నా బిడ్డల గతేంది?"

బయటికి వచ్చాక సుభాషిణి మెట్ల మీద కూర్చుంది. మిన్‌వూ పక్కన కూర్చున్నాడు.

"బాధపడాకు. మా దేశంలో గూడా ఇట్లాంటిది ఉండె" అన్నాడు. "ఇంటిపేరూ, వంశం పుట్టిన ఊరూ ఒకటే అయితే పెండ్లి లేదని చట్టం. ఒక్కో ఇంటిపేరుకు లచ్చల మంది. ఎవురికి ఎవురు ఏమైతారో వాళ్ళకే తెలీదు. కడాకు తీసేసినారు."

"ఎన్నాళ్ళు పట్టింది తీసెయ్యడానికి?"

మిన్‌వూ కాసేపు లెక్క కట్టుకుని, "మనం ముసిలోళ్ళమైతామేమో" అని ఒప్పుకున్నాడు.

సుభాషిణికి ఏడుపుకన్నా ఉక్రోషం ఎక్కువొచ్చింది. చదివిన చదువంతా నెమరేసుకుంది. అందులో మందు దొరకలేదు కానీ, పెళ్ళిళ్ళలో అమ్మలక్కలు వరసలు తీసే తీరులో దొరికింది. మరునాడు వీరభద్రయ్యగారి ముందు అర్జీ పెట్టింది. తెలుగు ఆడది, అందులో తిరుగులేదు, తెలుగుతల్లి అంటాం. కొరియన్ మగవాడని తేలితే ఇద్దరూ అక్కాతమ్ముళ్ళవుతారు. మంత్రిగారి మాట మంత్రిగారిదే. కానీ అక్క బిడ్డలకూ తమ్ముడి బిడ్డలకూ ఏ వరస? మేనరికం. కాబట్టి తానూ మిన్‌వూ అన్నాచెల్లెళ్ళు కారు, మేనత్త మేనమామ బిడ్డలు.

వీరభద్రయ్యగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అమ్మా, ఆర్డీవో కోర్టులో కూడా ఇట్లాంటి వాదన వినలేదు. కొరియన్ భాష ఆడా మగా అనేది విచారించి తేల్చెదము."

విచారణ రోజున హాలు నిండిపోయింది. మొదట్లోనే ఒక సభ్యుడు లేచి, "సార్, లింగ నిర్ధారణ నేరం కదా? స్కానింగ్ సెంటర్ల దగ్గర బోర్డులు పెట్టింటారు" అన్నాడు.

"పుట్టకముందు నేరం. పుట్టినాంక కాదు. కూర్చోండి" అన్నారు ఛైర్మన్.

కొరియన్ లిపిని తయారు చేయించినవాడు ఒక రాజుగారని, రాజు మగవాడేనని సుభాషిణి చెప్పింది. సభ తలలూపింది. వీరభద్రయ్యగారు అప్పుడే కలం తీశారు కూడా. కానీ పద్ధతి ప్రకారం ఒక కొరియన్ సాక్షిని అడగాలి. మిన్‌వూను పిలిచారు. ముందురోజంతా సుభాషిణి వాడికి నేర్పింది. 'మా భాషను తండ్రి అంటాం' అని ఒక్క ముక్క. అంతే.

"మీ భాషను మీరు ఏమని వ్యవహరించెదరు?"

మిన్‌వూ సుభాషిణి వైపు చూశాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. "మన మాట అంటాం సార్" అన్నాడు. "అమ్మ లేదు, నాయన లేదు. మన మాట, అంతే. బడిలో మాత్రం మాతృదేశం భాష అని రాపిచ్చారు."

"మాతృ." వీరభద్రయ్యగారు బాధగానే రాసుకున్నారు. "మాతృ అనిన పిమ్మట మగవాడు ఎట్లయితాడు? ఇద్దరూ అక్కాచెల్లెళ్ళు. అక్కాచెల్లెళ్ళ బిడ్డలు అన్నాచెల్లెళ్ళు. తల్లీ, నా చేతుల్లో ఏమీ లేదు."

ఆ సాయంత్రం సుభాషిణి వాడి మీద విరుచుకుపడింది. "ఒక్క అబద్ధం. నాకోసం ఒక్కటి చెప్పలేకపోయావా?"

"నా పనే అది కదా మే" అన్నాడు మిన్‌వూ తల వంచుకుని. "నట్టు లూజుగా ఉండే కారు బాగుందని రాయలేను. రాస్తే ముందర పోయి యాడో ఒక చోట ఊడిపోతాది."

సుభాషిణికి వాడు చేసిన పని మీద కోపమూ పోలేదు, వాడి మీద ప్రేమా పెరిగింది, ఆ రెండోదానికి మరింత కోపం వచ్చింది. కానీ ఆ నట్టు మాట మనసులో తిరుగుతూనే ఉంది. తాను ఇన్నాళ్ళూ లూజు నట్టుకు రంగు వేస్తోంది. నిజం ఏమిటో తనకు ఎం.ఏ. మొదటి ఏడాది నుంచీ తెలుసు. తెలుగుకు రుజువైన అక్కాచెల్లెళ్ళు కొరియాలో లేరు. పక్క వీధిలో ఉన్నారు.

మర్నాడు మధ్యాహ్నం కొత్త అర్జీతో నేరుగా వీరభద్రయ్యగారి ఇంటికే వెళ్ళింది. ఆయన అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. లోపల ఆయన భార్య గిరిజమ్మ వంట చేస్తోంది. పోపు వాసన గుమ్మం దాకా వస్తోంది.

"చదువు తల్లీ, కండ్లద్దాలు లోపలుండాయి" అన్నారాయన.

సుభాషిణి గట్టిగానే చదివింది. "ఆర్యా, అక్కాచెల్లెళ్ళయిన భాషల బిడ్డలు అన్నాచెల్లెళ్ళని తమరు నిర్ణయించి ఉన్నారు. కొరియన్ చుట్టరికం అనుమానం. కన్నడ, తమిళ భాషల చుట్టరికం మాత్రం నిస్సందేహంగా రుజువైనది. కావున తెలుగు కన్నడ దంపతులందరికీ, తెలుగు తమిళ దంపతులందరికీ ఈ ఉత్తర్వును ముందుగా వర్తింపజేసి, ఆ పెళ్ళిళ్ళు చెల్లవని ప్రకటించవలెనని, అనంతరమే నా అర్జీని తోసిపుచ్చవలెనని ప్రార్థన."

వీరభద్రయ్యగారు న్యాయమైన మనిషి. తర్కంలో లోపం వెతికారు, దొరకలేదు. "సరైన పాయింటే. సరిహద్దు మండలాల్లో ఇట్లాంటి కేసులు వేలు ఉంటాయి. నియమం నియమమే, అందరికీ ఒకటే. వర్తింపజేయవలసినదే" అన్నారు గంభీరంగా.

లోపల గరిటె చప్పుడు ఆగింది.

గిరిజమ్మ పుట్టిల్లు పావగడ అవతల. కన్నడం ఆమెకు ఇంటి భాష. కాపురానికి వచ్చి మనవలను ఎత్తుకున్నా, కోపమొస్తే ఇప్పటికీ కన్నడమే వస్తుంది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. భర్తను ఎగాదిగా చూసింది. తర్వాత చాలా మర్యాదగా, "ఊటక్కె బన్ని, అణ్ణా" అంది.

భోజనానికి రమ్మంది. అన్నా అని పిలిచింది. ఆ మాటకు ఏ దుబాసీ అక్కర్లేదు, రెండు భాషల్లోనూ ఒకటే.

వీరభద్రయ్యగారు పడక్కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నారు.

"గిరిజా, ఏం మాటలవి?"

"నువ్వు రాసిన వరసే కదా. అన్నం పెట్టినా, తిను. మళ్ళ నీ మంచం అరుగు మీద ఏపిస్తా. అన్న ఇంట్లో చెల్లెలు ఎట్ల ఉండాలనో అట్లే ఉంటా." సుభాషిణి వైపు తిరిగి, "నువ్వు రా పాపా. చిత్రాన్నం చేసినా" అని ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

వీరభద్రయ్యగారు ఎన్ని రాత్రులు అరుగు మీద పడుకున్నారో ఊరికి తెలియదు. ఆ వారంలోనే ప్రాధికార సంస్థ అత్యవసరంగా సమావేశమై వివరణ ఉత్తర్వు విడుదల చేసింది. మంత్రిగారి మాటకు సవరణ ఉండదు, వివరణ ఉండవచ్చు. 'గౌరవ మంత్రివర్యులు ఒక తల్లి బిడ్డలు అని సెలవిచ్చినప్పుడు వారి మనస్సులోనున్న తల్లి భూమాత అని నిర్ణయించడమైనది. భూమాత బిడ్డలు అందరూ బంధువులే. ఇట్టి బంధుత్వము ఉపన్యాసములకు, స్వాగత తోరణములకు, జెండా ఊపు సందర్భములకు మాత్రమే వర్తించును. వివాహములకు, ఆస్తి పంపకములకు, మైలకు చెల్లదు.' తహసీల్దారు ఆఫీసు వాళ్ళు చివరి ముక్క చదివి చాలా నొచ్చుకున్నారు.

పెళ్ళి రోజున పరంధామయ్య కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. తిమ్మప్ప, లింగమ్మ ఒక పక్క నిలబడ్డారు. సియోల్ నుంచి వచ్చిన మిన్‌వూ తల్లిదండ్రులు ఒక పక్క నిలబడ్డారు. సాక్షులుగా వీరభద్రయ్య దంపతులు వచ్చారు, ఒకే కారులో.

"పద్ధతి కోసం అడుగుతాండా" అన్నాడు పరంధామయ్య గొంతు సవరించుకుని. "వధూవరులకు ఈ పెండ్లికి ముందు ఏదైనా బంధుత్వము కలదా?"

సుభాషిణి నోరు తెరిచేలోపే మిన్‌వూ చెప్పేశాడు. "ఏం లేదు సార్. ఇప్పుడు అయితాది."

వాడి తల్లికి ఆ మాట అర్థం కాలేదు. సుభాషిణి మార్చి చెప్పింది, ఈసారి ఉన్నది ఉన్నట్టుగా. ఆవిడ సుభాషిణి చెయ్యి అందుకుని, కొరియన్‌లో 'మా కోడలు' అంది. ఒక్కడే కొడుకైనా మా అనే అంది. అది చుట్టరికానికి రుజువు కాదని సుభాషిణికి తెలుసు. కళ్ళు మాత్రం చెమర్చాయి.

ఆఖరున గిరిజమ్మ సాక్షి సంతకం చేసింది. పరంధామయ్య పుస్తకం తనవైపు తిప్పుకుని ఆ కన్నడ అక్షరాలను కాసేపు ఆశ్చర్యంగా చూశాడు.

"ఇదేంది సార్, లిపి మన తెలుగు మాదిరే ఉండాదే. కొంపదీసి ఏమన్నా చుట్ట..."

"పరంధామయ్యా, నోర్మూసుకుని ముద్ర వెయ్యి" అన్నారు వీరభద్రయ్యగారు.